మీ ప్రశ్నలు, మా సమాధానాలు: పని, శక్తి, సామర్థ్యం

ఈ సంచికలో భౌతికశాస్త్రానికి సంబంధించిన ఉత్తరాలకే చోటిచ్చాం. పని, శక్తి, యంత్రాల గురించి వచ్చిన ఉత్తరాల్లో విద్యార్థులవి కొన్నే. ఇల్లు మారినవారు, కారు నడిపేవారు, అపార్ట్‌మెంట్ లెక్కలు చూసేవారు రాసినవే ఎక్కువ. లెక్కల్లోకి వెళ్లే ముందు కొన్ని కొలతలు గుర్తుపెట్టుకోవాలి. కిలో బరువున్న వస్తువును భూమి సుమారు 9.8 న్యూటన్ల బలంతో లాగుతుంది. దాన్ని ఒక మీటరు ఎత్తుకు లేపితే 9.8 జౌళ్ల పని జరుగుతుంది. సెకనుకు ఒక జౌల్ చొప్పున పని జరిగితే సామర్థ్యం ఒక వాట్. కరెంటు బిల్లులోని ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. ఇవి దగ్గర పెట్టుకుంటే కింది సమాధానాలన్నింటినీ పాఠకులే కాగితం మీద సరిచూసుకోవచ్చు, అలా సరిచూసుకోవాలనే మా కోరిక.

ప్రశ్న: మా నాన్న బేగంబజార్‌లో హమాలీ పని చేస్తారు. 50 కిలోల బస్తా నెత్తిన పెట్టుకుని చదునైన నేల మీద నడిచే మనిషి, ఆ బస్తా మీద చేసిన పని సున్నా అని మా పుస్తకంలో ఉంది. తరగతిలో అందరూ నవ్వారు. నాన్న రాత్రి ఇంటికొచ్చి నడుం పట్టుకుని కూర్చుంటారు. పుస్తకం తప్పా?
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, గోషామహల్

సమాధానం: పుస్తకంలోని వాక్యం సరైనదే. అయితే ఆ వాక్యంలో లెక్కకు వచ్చేది బస్తా ఒక్కటే. మీ నాన్నగారి తల బస్తాను పైకి నెడుతోంది, బస్తా ముందుకు కదులుతోంది. బలం ఉన్న దిశలో కదలిక లేదు కాబట్టి ఆ బలం బస్తా మీద చేసిన పని సున్నా. ఇంకోలా చూస్తే, బజారు ఈ చివర బస్తాకు ఎంత శక్తి ఉందో ఆ చివర దించే ముందూ అంతే ఉంది. దానికి కొత్తగా చేరిందేమీ లేదు. ఆ వాక్యం చెప్పేది ఇంతే. మోసిన మనిషి శరీరంలో ఏం జరిగిందో అది చెప్పదు, చెప్పాలని రాసిందీ కాదు. నిజంగా తెలుసుకోవలసిన విషయం అక్కడే ఉంది.

బస్తాను ఒక ఇనుప స్టాండు మీద పెడితే స్టాండు నెలల తరబడి ఏ ఖర్చూ లేకుండా దాన్ని మోస్తుంది. కండరం అలా మోయలేదు. కండరం లోపల మయోసిన్, ఆక్టిన్ అనే రెండు రకాల ప్రొటీన్ పోగులు ఉంటాయి. మయోసిన్ పోగులకు ఉండే అతి చిన్న కొనలు ఆక్టిన్‌ను పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, మళ్లీ పట్టుకుంటాయి. పట్టు వదిలి తిరిగి పట్టుకున్న ప్రతిసారీ కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు ఖర్చవుతుంది. మెడ, వెన్ను, నడుం కండరాలు బయటికి కదలకుండా బిగిసి ఉన్నట్టే కనిపిస్తాయి, లోపల మాత్రం ఈ లాగుడు క్షణం ఆగదు. ఆ శక్తి అంతా చివరికి వేడిగా మారుతుంది. మీ నాన్నగారి చొక్కాను తడిపే చెమట ఆ వేడిని బయటికి పంపడానికి శరీరం చేసే ప్రయత్నమే.

దీనికి తోడు నడక ఉంది. నేల చదునుగా ఉన్నా నడిచే మనిషి ఒంటి బరువు ప్రతి అడుగుకూ కొన్ని సెంటీమీటర్లు లేచి దిగుతుంది. ఒంటి బరువు 60 కిలోలు, బస్తా 50 కిలోలు, లేచే ఎత్తు 4 సెంటీమీటర్లు అనుకుంటే అడుగుకు 43 జౌళ్లు. దిగేటప్పుడు అందులో కొంత తర్వాతి అడుగుకు ఉపయోగపడుతుంది, మిగిలింది మోకాళ్ల దగ్గరి కండరాలు ఆపుకోవడంలో వేడిగా పోతుంది. గుంతలు, మెట్లు, అడ్డొచ్చే బండ్లకు ఆగి మళ్లీ కదలడం, ఇవన్నీ దాని పైన అదనం.

ఇక ఎత్తడం దగ్గరికి వస్తే పుస్తకం కూడా సున్నా అనదు. 50 కిలోల బస్తాను 1.2 మీటర్ల ఎత్తున్న లారీలోకి లేపితే 588 జౌళ్లు. రోజుకు 200 బస్తాలు లేపితే, అంటే పది టన్నుల సరుకు, మొత్తం 1,17,600 జౌళ్లు. ఒంటి శ్రమలో మనిషి తిన్న ఆహారంలోని శక్తి నూటికి 20 నుంచి 25 వంతులే బయటి పనిగా మారుతుంది కాబట్టి శరీరం దీనికి నాలుగైదు రెట్లు ఖర్చుపెట్టి ఉంటుంది. ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆ 1,17,600 జౌళ్లు కరెంటు లెక్కలో యూనిట్‌లో ముప్పయ్యో వంతు. డబ్బుల్లో కొన్ని పైసలు. కరెంటు ఎంత చవకో, మనిషి కండ ఎంత ఖరీదైనదో ఇది చెబుతుంది. కూలి రేటు జౌళ్లతో తేలే విషయం కాదని కూడా చెబుతుంది.

రేపు తరగతిలో ఇలా చెప్పు: బస్తా మీద జరిగిన పని సున్నా, నాన్న శరీరం ఖర్చుచేసిన శక్తి సున్నా కాదు, ఈ రెండూ వేర్వేరు లెక్కలు. ఈ పాఠం చెప్పే ఉపాధ్యాయులు కూడా రెండో లెక్కను కలిపి చెబితే పిల్లలు నవ్వే అవసరం ఉండదు.

ప్రశ్న: ఈమధ్య కూకట్‌పల్లి నుంచి నాచారానికి ఇల్లు మారాం. నేనూ మా తమ్ముడూ కలిసి ఎత్తలేకపోయిన ఫ్రిజ్‌ను, సామాను ఎక్కించడానికి వచ్చినవారిలో ఒక్కడే, డీసీఎం వ్యానుకు చెక్క పలక ఆనించి నెట్టేశాడు. పలక ఇంకా పొడవుగా ఉండి ఉంటే ఇంకా తేలికయ్యేదా?
– ఒక గృహస్థు, నాచారం

సమాధానం: నెట్టాల్సిన బలం తగ్గేది, మొత్తం శ్రమ పెరిగేది. ఇది వినగానే వింతగా అనిపిస్తుంది కాబట్టి అంకెలతో చూద్దాం.

ఫ్రిజ్ 60 కిలోలు, బండి అంచు ఒక మీటరు ఎత్తు అనుకుందాం. నేరుగా ఎత్తాలంటే 588 న్యూటన్ల బలం కావాలి, జరిగే పని 588 జౌళ్లు. అదే ఫ్రిజ్‌ను 3 మీటర్ల పలక మీద, ఘర్షణ లేదనుకుని నెడితే బలం మూడో వంతుకు, అంటే 196 న్యూటన్లకు తగ్గుతుంది. దూరం మూడు రెట్లయింది కాబట్టి పని మళ్లీ 588 జౌళ్లే. వాలుతలం చేసే మేలు ఇదే: పెద్ద బలాన్ని చిన్న చిన్న భాగాలుగా ఎక్కువ దూరం మీద పరుస్తుంది. ఫ్రిజ్ బరువు రవ్వంత కూడా తగ్గదు. ఆ బరువులో ఎక్కువ భాగాన్ని పలక మోస్తుంది, మనిషి నెట్టాల్సింది మిగిలిన భాగాన్నే.

కానీ చెక్క మీద ఘర్షణ ఉంటుంది. ఫ్రిజ్ పలకను అదిమే బలంలో పదింట మూడు వంతులు ఘర్షణ అనుకుంటే, 3 మీటర్ల పలక మీద అది సుమారు 166 న్యూటన్లు. నెట్టాల్సిన మొత్తం బలం 362 న్యూటన్లు, పని 1,086 జౌళ్లు, దక్షత, అంటే పెట్టిన పనిలో ఉపయోగపడిన వంతు, నూటికి 54. పలకను 6 మీటర్లు చేస్తే బలం 272 న్యూటన్లకు దిగుతుంది. పని మాత్రం 1,632 జౌళ్లకు చేరుతుంది, దక్షత నూటికి 36కు పడిపోతుంది. ఒక్క మనిషే ఉన్నప్పుడు పొడవు పలక మేలు, ఇద్దరు ముగ్గురు ఉన్నప్పుడు పొట్టి పలకతో త్వరగా, తక్కువ ఖర్చుతో పని అవుతుంది.

ఈ లెక్కలో ఇంకో ముఖ్యమైన సంగతి దాగి ఉంది. 3 మీటర్ల పలక మీద ఫ్రిజ్‌ను కిందికి లాగేది 196 న్యూటన్లు, ఆపగల ఘర్షణ 166 న్యూటన్లే. మధ్యలో చేతులు వదిలితే ఫ్రిజ్ వెనక్కి జారి నెట్టేవాడి మీదికే వస్తుంది. 6 మీటర్ల పలక మీద కిందికి లాగేది 98 న్యూటన్లే, ఘర్షణ 174 దాకా ఆపగలదు, కాబట్టి వదిలినా ఎక్కడిదక్కడ నిలబడుతుంది. వాలుతలంలో దక్షత సగం కంటే ఎక్కువైతే వస్తువు వెనక్కి జారుతుంది, సగం కంటే తక్కువైతే నిలుస్తుంది. ఇది ఈ ఫ్రిజ్‌కే కాదు, ఏ వస్తువుకైనా, ఏ వాలుకైనా వర్తిస్తుంది. అందుకే పలక మీద సామాను నెట్టేటప్పుడు వెనుక ఇంకొకరు ఉండాలని పనివారు పట్టుబడతారు. చక్రాల ట్రాలీ వాడితే ఘర్షణ బాగా తగ్గి దక్షత పెరుగుతుంది, వెనక్కి జారే ప్రమాదమూ దాంతోపాటే పెరుగుతుంది.

ప్రశ్న: నేను క్యాబ్ నడుపుతాను. టైరు పంక్చరైనప్పుడు జాకీ పెట్టి ఒక్క చేత్తో తిప్పుతూ కారును లేపుతాను. జాకీ ఆ బలాన్ని ఎక్కడి నుంచి తెస్తుంది? తిప్పడం ఆపినా కారు కిందికి ఎందుకు రాదు?
– ఒక డ్రైవర్, ఉప్పల్

సమాధానం: మీ రెండో ప్రశ్నకు సగం జవాబు పైన ఫ్రిజ్ దగ్గరే దొరికింది. జాకీలో ఉండే మర (స్క్రూ) అంటే ఇరుసు చుట్టూ చుట్టిన వాలుతలమే. చుట్టిన కొద్దీ చాలా తక్కువ చోటులో చాలా పొడవైన పలక ఇమిడిపోతుంది.

లెక్కకు సులువుగా, నిలువు మర ఉన్న జాకీని తీసుకుందాం. ఒక చుట్టు తిప్పితే మర 5 మిల్లీమీటర్లు లేస్తుంది, తిప్పే కడ్డీ పొడవు 30 సెంటీమీటర్లు. ఒక చుట్టులో మీ చేయి దాదాపు 1.88 మీటర్లు తిరుగుతుంది, కారు 5 మిల్లీమీటర్లు లేస్తుంది. అంటే మీ చేయి కారుకంటే 377 రెట్లు ఎక్కువ దూరం కదిలింది. ఆ చక్రం వైపు జాకీ మీద పడే బరువు 400 కిలోలనుకుంటే అది 3,920 న్యూటన్ల బలం. ఘర్షణే లేకపోతే పదిన్నర న్యూటన్లు, అంటే కిలో బరువును పట్టుకునేంత బలం చాలు. నిజం మరలో దక్షత నూటికి 20 అనుకున్నా 52 న్యూటన్లు, అయిదు కిలోలు ఎత్తగల చేతికి చాలినంత. కారును 15 సెంటీమీటర్లు లేపడానికి 30 చుట్లు తిప్పాలి, మీ చేయి మొత్తం 56 మీటర్లకు పైగా ప్రయాణం చేస్తుంది. జాకీ ఎక్కడి నుంచీ బలం తేలేదు. మీరు 56 మీటర్ల మేర కొద్దికొద్దిగా ఇచ్చినదాన్ని 15 సెంటీమీటర్లలో కుదించింది, మధ్యలో తన వాటాగా అయిదింట నాలుగు వంతులు ఘర్షణకు ఇచ్చింది. కారుతో వచ్చే కత్తెర జాకీలో ఈ నిష్పత్తి లేచే కొద్దీ మారుతూ ఉంటుంది. మొదట్లో తిప్పడం బరువుగా, పైకి వెళ్లాక తేలికగా అనిపించేది అందుకే.

దక్షత నూటికి 20 అంటే సగంలో సగం కూడా కాదు. ఫ్రిజ్ దగ్గర చూసిన నియమం ప్రకారం అలాంటి మర తనంతట తాను వెనక్కి తిరగదు. మీ శ్రమలో ఎక్కువ భాగాన్ని మింగేసిన ఘర్షణే కారును నిలబెట్టి ఉంచుతోంది. జాకీ మరకు కొద్దిగా గ్రీజు రాయడం మంచిదే. కానీ మెత్తని నేల, పక్కకు ఒరిగే బండి, అరిగిన మర, ఈ మూడింటిలో ఏదీ ఈ లెక్కలో లేదు. అందువల్ల జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి దూరవద్దు, స్టాండు పెట్టకుండా ఎంత అనుభవం ఉన్నా దూరవద్దు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో సంపు నుంచి పై ట్యాంకుకు నీళ్లెక్కించే 1 హెచ్‌పీ మోటారు పాతబడింది. 2 హెచ్‌పీ పెడదామంటే కరెంటు బిల్లు రెట్టింపవుతుందని కొందరు అడ్డుపడుతున్నారు. నిజమేనా?
– సంఘం కార్యదర్శి, దిల్‌సుఖ్‌నగర్

సమాధానం: బిల్లులో పడేది మోటారు సైజు కాదు, మోటారు లాగిన సామర్థ్యాన్ని నడిచిన గంటలతో గుణిస్తే వచ్చే శక్తి. రోజుకు 10,000 లీటర్ల నీరు 20 మీటర్ల ఎత్తుకు చేరాలంటే 19,60,000 జౌళ్లు, అంటే అర యూనిట్‌కు కాస్త పైన. చిన్న పంపుల్లో మోటారు నష్టాలు, పంపు నష్టాలు కలుపుకుని దక్షత నూటికి 40 అనుకుంటే సుమారు 1.4 యూనిట్లు. 1 హెచ్‌పీ, అంటే 746 వాట్ల మోటారు ఈ పనికి గంటా ఇరవై నిమిషాలు తీసుకుంటే 2 హెచ్‌పీ మోటారు నలభై నిమిషాల్లో ముగిస్తుంది. బిల్లు రెట్టింపు కాదు.

అలాగని ఏమీ తేడా రాదని చెప్పలేం. పాత గొట్టాన్నే ఉంచి రెట్టింపు వేగంతో నీరు పంపితే గొట్టం గోడల రాపిడివల్ల పోయేది దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఇప్పుడు ఆ నష్టం 2 మీటర్ల ఎత్తుకు సమానం అనుకుంటే, కొత్త మోటారుతో 8 మీటర్లవుతుంది. పాత మోటారు 22 మీటర్లకు ఎక్కించినట్టు పని చేసేది, కొత్తది 28 మీటర్లకు ఎక్కించినట్టు చేయాలి. రోజుకు 1.5 యూనిట్ల చోట 1.9 ఖర్చవుతాయి. పెద్ద మోటారు పెట్టేటట్టయితే గొట్టం కూడా వెడల్పు చేయించండి, మంజూరైన లోడు సరిపోతుందో లేదో చూసుకోండి. నీళ్లకు తొందర లేకపోతే మంచి దక్షత ఉన్న 1 హెచ్‌పీ మోటారే కొనడం మా సలహా.

ఇంతకంటే పెద్ద లెక్క మీ సంపుకు అవతల ఉంది. 1908 మూసీ వరదల తర్వాత కట్టి 1920లో పూర్తిచేసిన గండిపేట చెరువు పూర్తి నీటిమట్టం 1,790 అడుగులు, అంటే సుమారు 545 మీటర్లు. నగరం అంతకంటే పల్లంలో ఉండడంవల్ల ఆ నీరు కాలువలో తన వాలునబడి ఆసిఫ్‌నగర్ ఫిల్టర్‌బెడ్ల దాకా వచ్చేది, ఎత్తిపోయడానికి కరెంటు అక్కర్లేదు. కృష్ణా నీటి సంగతి అలా కాదు. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, సుమారు 180 మీటర్లు. హైదరాబాద్ సగటున సముద్రమట్టానికి 540 మీటర్ల దరిదాపుల్లో ఉంది. కాబట్టి మనకు చేరే ప్రతి కృష్ణా నీటి చుక్కనూ దాదాపు 360 మీటర్లు పైకి ఎత్తాలి. వెయ్యి లీటర్లకు అది 35 లక్షల జౌళ్లకు పైమాటే, అంటే పంపుల నష్టాలు, గొట్టాల రాపిడి ఏవీ కలపకుండానే దాదాపు ఒక యూనిట్. మీ సంపు నుంచి ట్యాంకుకు ఎక్కించే ఎత్తు దానిలో పద్దెనిమిదో వంతు మాత్రమే. కృష్ణా నీరు వచ్చే ఇంట్లో ట్యాంకు నిండి వెయ్యి లీటర్లు డాబా మీద నుంచి పొర్లిపోతే, మోటారు వాడిన కరెంటుతోపాటు కొండంత ఎత్తు ఎక్కి వచ్చిన శ్రమ కూడా మురుగుకాలువలో కలుస్తుంది. మోటారు సైజు గురించి సంఘం సమావేశంలో వాదించుకునే ముందు ట్యాంకుకు నీటిమట్టం చూసి ఆపే ఆటోమేటిక్ స్విచ్ పెట్టించండి, కారే కుళాయిలు బాగుచేయించండి.

ప్రశ్న: చేదబావికి ఒకే గిలక ఉంటుంది. దానివల్ల బలమేమీ తగ్గదని చదివాను. మరి గిలక ఎందుకు?
– ఒక ఉపాధ్యాయురాలు, శాలిబండ

సమాధానం: స్థిరంగా బిగించిన గిలక బలాన్ని తగ్గించదు, దిశను మారుస్తుంది. గిలక లేకపోతే బావిలోకి వంగి పైకి లాగాలి. ఉంటే నిలబడి కిందికి లాగవచ్చు, ఒంటి బరువును కూడా తాడు మీద వేయవచ్చు. ఒరల అంచు మీద తాడు ఒరుసుకోవడం తప్పుతుంది. బలం తగ్గాలంటే బరువుతోపాటు కదిలే గిలక ఇంకొకటి కావాలి. అప్పుడు బలం సగమవుతుంది, లాగాల్సిన తాడు రెట్టింపవుతుంది. పది మీటర్ల లోతు బావికి ఇరవై మీటర్ల తాడు లాగడం కంటే ఒకే గిలకతో నీళ్లు తోడుకోవడమే నయమని మన పెద్దలు అనుకున్నారంటే అది తెలివైన ఎంపికే.

ప్రశ్న: ప్రతి ఆదివారం గోల్కొండ కోట ఎక్కితే బరువు తగ్గుతానా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, షేక్‌పేట

సమాధానం: కొండ ఎత్తు 120 మీటర్లు, మీ బరువు 60 కిలోలు అనుకుంటే ఎక్కడానికి 70,560 జౌళ్ల పని. అరగంటలో ఎక్కితే మీ సామర్థ్యం 39 వాట్లు. ఆహారం లెక్కలో అది 17 కిలోకేలరీలే. శరీర దక్షతను కలుపుకుంటే 70 నుంచి 85. అది నాలుగైదు చెంచాల చక్కెరలో ఉండే శక్తి. గుండెకూ కాళ్లకూ కోట ఎక్కడం ఎంతో మంచిది, తప్పకుండా ఎక్కండి. బరువు తగ్గడానికి మాత్రం వారానికి ఒక్క ఎక్కుడు చాలదు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. బండి 60లో నడుపుతాడు. 40 కంటే సగమే కదమ్మా ఎక్కువ అంటాడు. హెల్మెట్ దగ్గర్లోకి వెళ్లేటప్పుడు అక్కర్లేదంటాడు. వాడికి ఏం చెప్పను?
– ఒక తల్లి, నల్లకుంట

సమాధానం: వేగం ఒకటిన్నర రెట్లయితే గతిజ శక్తి, అంటే కదలికవల్ల ఉండే శక్తి, ఒకటిన్నర రెట్లు కాదు, దాని వర్గం, అంటే రెండుంబావు రెట్లు. ఎత్తుల్లో చెప్పి చూడండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఉన్న శరీరానికి 6 మీటర్ల ఎత్తు నుంచి పడినప్పుడు వచ్చేంత శక్తి ఉంటుంది, రెండంతస్తులు. 60లో 14 మీటర్లు, దాదాపు అయిదంతస్తులు. 80లో 25 మీటర్లు, ఎనిమిదంతస్తులు. ఈ శక్తి అంతటినీ బ్రేకులు, టైర్లు వేడిగా మార్చాలి. పొడిగా, మంచిగా ఉన్న రోడ్డు మీద బ్రేకు బాగా పట్టినా, 40లో బండి ఆగడానికి సుమారు 9 మీటర్లు పడితే 60లో 20 మీటర్లు పడుతుంది. ప్రమాదాన్ని చూసి బ్రేకు మీద చేయి పడేలోపు పోయే దూరం దీనికి అదనం. మెట్రో రైలు స్టేషన్‌లోకి వచ్చేటప్పుడు దాని మోటార్లే జనరేటర్లుగా పనిచేసి ఈ శక్తిలో కొంత భాగాన్ని తిరిగి విద్యుత్తుగా ఇస్తాయి. మామూలు బండికి ఆ సదుపాయం లేదు.

హెల్మెట్ విషయంలో దూరాన్ని బట్టి ఆలోచించకూడదు. తల బరువు 5 కిలోలు, నేలను తాకే వేగం సెకనుకు 6 మీటర్లు అనుకుందాం. నిలబడిన మనిషి ఎత్తు నుంచి పడినా దాదాపు ఈ వేగమే వస్తుంది, బండి పది కిలోమీటర్లు పోయిందా పది అడుగులు పోయిందా అన్నదానితో నిమిత్తం లేదు. తలలో ఉన్న శక్తి 90 జౌళ్లు. అది ఆగే దూరం 3 మిల్లీమీటర్లయితే సగటు బలం 30,000 న్యూటన్లు. హెల్మెట్ లోపలి ఫోమ్ నలిగి 25 మిల్లీమీటర్ల దూరం ఇస్తే 3,600 న్యూటన్లు. శక్తి అదే, దూరం పెరిగింది, బలం ఎనిమిదో వంతుకు తగ్గింది. జాకీ చేసిన పనిని ఇక్కడ ఫోమ్ ఇంకో తీరులో చేస్తోంది. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌లో ఆ ఫోమ్ నలిగిపోయి ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ వాడకూడదు. పట్టీ పెట్టుకోని హెల్మెట్ పడగానే ఊడిపోతుంది, అది పెట్టుకోనట్టే.

ప్రశ్న: మా కాలనీలో ఒకాయన మోటారు, ఆల్టర్నేటర్, బరువైన చక్రం కలిపి ఒక యంత్రం చూపిస్తున్నారు. ఒక్కసారి తిప్పి వదిలితే ఇక కరెంటు అక్కర్లేకుండా ఇల్లంతటికీ విద్యుత్తు ఇస్తుందట. బల్బులు వెలగడం కళ్లారా చూశాను. పెట్టుబడి పెట్టమంటున్నారు. పెట్టవచ్చా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, మల్కాజిగిరి

సమాధానం: దయచేసి పెట్టకండి. మీరు చూసింది అబద్ధమని అనడం లేదు, బల్బులు నిజంగానే వెలిగి ఉంటాయి. 100 కిలోల బరువు, 30 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న చక్రం నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతుంటే దానిలో సుమారు 55,500 జౌళ్ల శక్తి ఉంటుంది. పది వాట్ల ఎల్‌ఈడీ బల్బులు పది వెలిగించడానికి సెకనుకు 100 జౌళ్లు చాలు. ఏ నష్టమూ లేకపోతే ఆ చక్రం ఒక్కటే వాటిని తొమ్మిది నిమిషాలు వెలిగించగలదు. చూడవచ్చినవారికి చూపించి, టీ ఇచ్చి పంపడానికి ఆ సమయం సరిపోతుంది. ఆ శక్తి చక్రాన్ని మొదట తిప్పినప్పుడు గోడ ప్లగ్గు నుంచో, బ్యాటరీ నుంచో వచ్చిందే.

మోటారు తనకు వచ్చిన కరెంటులో నూటికి 80 వంతులు కదలికగా మార్చి, ఆల్టర్నేటర్ ఆ కదలికలో నూటికి 80 వంతులు కరెంటుగా మార్చిందనుకున్నా, ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి మిగిలేది నూటికి 64. ఇల్లంతటికీ ఇవ్వడం అటుంచి, తనను తాను తిప్పుకోవడానికే అది చాలదు. చక్రం పెద్దది చేస్తే ఆగిపోయే సమయం వెనక్కి జరుగుతుందే తప్ప ఆగకుండా ఉండదు. తనంతట తాను తిరిగే చక్రం కోరిక చాలా పాతది. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు పాదరసం నింపిన ఆకులతో (చక్రం ఊచలతో) అలాంటి చక్రాన్ని వర్ణించాడు. యూరప్‌లోనూ శతాబ్దాలపాటు ఎందరో ప్రయత్నించారు. చివరికి పారిస్‌లోని రాయల్ సైన్సెస్ అకాడమీ, ఇక మీదట ఇలాంటి యంత్రాల ప్రతిపాదనలను పరిశీలించబోమని 1775లో తీర్మానించింది. 1840లలో జేమ్స్ జౌల్ కిందికి దిగే బరువులతో నీటిలో రెక్కలు తిప్పి, నీటి వేడి ఎంత పెరిగిందో కొలిచి, పోయిన పనికీ పుట్టిన వేడికీ ఎప్పుడూ ఒకే నిష్పత్తి ఉంటుందని చూపించాడు. మాయమైందనుకున్న శక్తికి లెక్క దొరికింది. ఊరికే పుట్టిన శక్తి ఆ తర్వాత జరిగిన ఏ కొలతలోనూ కనిపించలేదు.

ఆయన మీకు తెలిసినవారైతే ముఖం మీద కాదనడం కష్టంగా ఉండవచ్చు. అప్పుడు ఒక పరీక్ష అడగండి. యంత్రాన్ని మీ ఇంటికి తెచ్చి, ప్లగ్గులు, బ్యాటరీలు ఏవీ లేవని మీ ఎలక్ట్రీషియన్ చేత విప్పి చూపించి, 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె లేదా హీటరు తగిలించి, ఒక మీటరు పెట్టి, మీ కళ్లముందే 24 గంటలు నడపమనండి. అంతసేపు నడవాలంటే 24 యూనిట్లు, అంటే 8 కోట్ల 64 లక్షల జౌళ్లు కావాలి. పైన చెప్పిన చక్రంలో ఉన్నదానికి అది 1,500 రెట్లకు పైగా. ఈ పరీక్షకు ఒప్పుకోకపోయినా, ఒప్పుకుని మధ్యలో ఏదో సాకు చెప్పి ఆపినా, మీకు సమాధానం దొరికినట్టే. ఇప్పటికే డబ్బు కట్టిన ఇరుగుపొరుగువారు ఉంటే రసీదులు, ఫోను సందేశాలు భద్రపరుచుకుని పోలీసుస్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వమని చెప్పండి.